ఐపసి వెన్నెల

మా ఆయనకు కవిత్వం పట్టుకుంది. మా అన్నకు అది అంతకు ముందే పట్టుకుంది. ఒకే జబ్బు ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసి జాలిపడతారని అనుకుంటాం. కవుల విషయంలో అట్లా జరగదు.

మా ఆయన వెంకటపతి అత్తిమంజేరిపేటలో చెరకూ శనక్కాయా పండిస్తాడు. పొద్దున్నే మడికి నీళ్ళు కట్టడానికి పోయి, గట్టు మీద కూర్చుని నగరి ముక్కు కొండ వైపు చూస్తూ ఉండిపోతాడు. మా పొలం నుంచి చూస్తే ఆ కొండ, ఎవరో మనిషి వెల్లకిలా పడుకుని ముక్కు పైకెత్తినట్టే ఉంటుంది. దాని మీద మా ఆయన కట్టని కవిత లేదు. చిత్తిర నెల ఎండకు ముక్కుకు చెమట పట్టిందంటాడు. ఆడి నెల గాలికి ముక్కుపుడక ఎగిరిపోయిందంటాడు. మార్గళి మంచుకు ముక్కు కారుతోందంటాడు. ఇక్కడ ముక్కు కారుతున్న బిడ్డను ఎత్తుకుని నేను గుమ్మంలో నిలబడి ఉంటే మాత్రం ఆ మనిషికి కనపడదు.

మా అన్న సుందరరాజులు పాండూరులో ఉంటాడు. గుమ్మిడిపూండిలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు ఆయనది, ఇంకెవరైనా కూర్చుంటే లేపేస్తాడు. ఆ కిటికీలోంచి కనపడే వరిమళ్ళు, చెరువు గట్లు, కొంగలు అన్నీ సాయంత్రానికి కవితలైపోతాయి. మాది తమిళనాడు, బళ్ళో చెప్పింది అరవమే, అందుకే మా వయసు వాళ్ళకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. మా ఆయన కూడా తెలుగు కవితను అరవ అక్షరాల్లోనే రాసుకుంటాడు. మా అన్న మాత్రం పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు, విజయవాడ నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివాడు. కొంప మునిగింది అక్కడే.

పుస్తకాల్లో ఆరు రుతువులు ఉంటాయి. మా వైపు ఉండేవి ఎండ, ముదిరిన ఎండ, ఆడి గాలి, ఐపసి వాన. మిగతా తెలుగువాళ్ళకు ఆశ్వయుజం వచ్చేసరికి మబ్బులు విడిపోయి వెన్నెల కాస్తుందట. ఇంచుమించు అదే నెలను మేం ఐపసి అంటాం. మాకు అసలు వాన మొదలయ్యేదే అప్పుడు. కుశస్థలి ఏరు ఏడాదంతా ఇసుక ఆరబోసుకుని పడుకుని, ఐపసిలో లేచి కాజ్‌వే మీద నుంచి పారుతుంది. ఈ సంగతి మా ఇంటి గేదెకు కూడా తెలుసు.

మా పాప దీపిక బోర్లాపడే వయసులో ఉన్నప్పుడు తిరుత్తణిలో తెలుగువాళ్ళు ఉగాదికి కవి సమ్మేళనం పెట్టారు. రిటైరైన తెలుగు పంతులు రాజమాణిక్యం గారు దానికి పెద్ద. కవికొక రుతువు పంచి ఇచ్చారు. మా అన్నకు శరత్తు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం విప్పి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"ఆశ్వయుజపు రేయి
ఆకాశం పాలకుండ,
మబ్బు మచ్చ లేదు,
ఏటి నిండా వెన్నెలే."

వెనక వరసలో కూర్చున్న మా ఆయన ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే ఆయన మా ఆయన ఎట్లా అవుతాడు? లేచి నిలబడ్డాడు.

"బావా, ఆశ్వయుజం అంటే మన ఐపసే గదా. ఐపసిలో మనకు వెన్నెల యాడుండాది? గొడుగుండాది."

హాలు హాలంతా నవ్వింది. రాజమాణిక్యం గారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అది ఇక్కడ చెప్పాల్సిన పని లేదు. మా అన్న కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గొడుగు కింద బతికేవాడికి వెన్నెల ఏం తెలుస్తుందని అడిగాడు. ఇకమీదట ఐపసి నెలలో గొడుగు పడితే తాను మా నాయన కొడుకే కాదని అందరి ముందూ ఒట్టు పెట్టుకుని, భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు పాయసం చాలా బాగుంది.

చిలికి చిలికి గాలివాన అంటారే, అట్లా అయింది. మగవాళ్ళు ఒకరింటి గడప ఒకరు తొక్కడం మానేశారు. ఐపసి వస్తే మా అన్న గొడుగు లేకుండా తడుస్తూ కంపెనీ బస్సు ఎక్కుతున్నాడని, జలుబుతో మంచం పడుతున్నాడని మా వదిన ఫోన్ చేసి ఏడ్చేది. ఈ మాట మా ఆయన చెవిన వేస్తే, వెన్నెల్లో తడిస్తే జలుబు రాదే అని ఆశ్చర్యపోయాడు. ఆయన్ను ఏం చెయ్యాలో నాకు తోచలేదు. చేతిలో ఉన్న గరిటెను మాత్రం పక్కన పెట్టేశాను, అది మా అమ్మ ఇచ్చిన గరిటె.

మాటలు ఆగాయి గానీ కవిత్వం ఆగలేదు. రాజమాణిక్యం గారు ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతారు. రుతువుల మీదా, ఊళ్ళ మీదా కవితలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. సొంత విషయాలు, గుడ్ మార్నింగులు, రాజకీయాలు నిషిద్ధం. సగం మందికి తెలుగు చదవడం రాదు కాబట్టి కవితను గొంతుతో పంపాలి. బావలిద్దరూ అందులో ఉన్నారు. పాండూరు వాళ్ళకు చెరువు తప్ప కొండ లేదని ఈయన కవిత పెడతాడు. కొండ ఉండి ఏం లాభం, ముక్కులోంచి నీళ్ళు తాగుతారా అని ఆయన ఇంకో కవిత పెడతాడు. ఎవరి మీద ఎవరు వేస్తున్నారో తెలియక మిగిలినవాళ్ళంతా ఇద్దరికీ చప్పట్ల బొమ్మలు పెడతారు. మా దీపిక అన్నం తినాలంటే ఫోన్లో మామ గొంతు వినిపించాలి. మామ మొహం దానికి సరిగ్గా తెలియదు, గొంతు మాత్రం బాగా తెలుసు.

ఇట్లాగే జరిగిపోయేదేమో. కానీ దీపికకు మూడో ఏడు నిండబోతోంది. మా ఇళ్ళల్లో మూడు నిండేలోపల తిరుత్తణి కొండ మీద పిల్లకు మొట్ట, అంటే గుండు, కొట్టించి చెవులు కుట్టించాలి. పుట్టువెంట్రుకలకు అప్పటిదాకా కత్తెర తగలకూడదు. దాని జుట్టు ముళ్ళకంపలాగా పెరిగిపోయి, రోజూ దువ్వెనతో యుద్ధమే. అదంతా ఓర్చుకోవచ్చు. అసలు చిక్కేమిటంటే, మొట్టకైనా చెవులకైనా పిల్ల కూర్చోవాల్సింది మేనమామ ఒడిలో. మేనమామను పిలవడానికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తాంబూలం పట్టుకుని పోవాలి. అందులోనూ పిలుపు మొగుడి నోటి నుంచి రావాలి.

నేనొక్కదాన్నే తాంబూలం తీసుకుని పాండూరు పోయాను. మా అన్న తాంబూలం అందుకున్నాడు, చేపల పులుసుతో అన్నం పెట్టించాడు, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. బస్సు కదిలేటప్పుడు ఒక్కటే అడిగాడు, బావ రాలేదా అని. నాకు ఏడుపొచ్చింది. అమ్మా నాయనా పోయాక నాకు పుట్టిల్లంటే మా అన్నే. ఆయన ఒడిలో నా బిడ్డ కూర్చోకపోతే ఆ ఇంటి తలుపు నాకు మూసుకుపోయినట్టే. ఆ మాట పైకి అనలేదు గానీ, తిరుత్తణి దాకా అదే అనుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి మా ఆయన ముందు నిలబడ్డాను. ఒక్క ఫోన్ చెయ్యమన్నాను. ఆయన కొండ వైపు చూశాడు. తాను తప్పేమీ అనలేదని, ఐపసిలో వాన పడుతుందని అనడం నేరమైతే పంచాంగం రాసేవాళ్ళను కూడా జైల్లో పెట్టాలని వాదించాడు. మా అత్త మునిలక్ష్మి వాకిట్లో శనక్కాయలు వలుస్తూ అంతా వింటోంది.

"బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు రా. మీరిద్దరూ బావలా, దాయాదులా? పోయి పిలువు."

తల్లి మాటకు కొంచెం తగ్గాడు. కానీ ఫోన్ చెయ్యడట. గ్రూపులో కవితగా పిలుస్తాడట. నాకు ఒళ్ళు మండింది, అయినా గుడ్డి కన్నా మెల్ల మేలని ఒప్పుకున్నాను. మర్నాడు పొద్దున గట్టు మీద నుంచి గొంతు సవరించుకుని పంపాడు.

"నగరి ముక్కు మీద మబ్బు కూర్చుంది,
కుశస్థలి ఇసుక దారి చూస్తోంది,
కొండ తన ఒడి పరిచింది.
దూరాన ఉన్న మేఘమా,
ఐపసి ఆఖరి శుక్రవారం
పొద్దున తొమ్మిది లోపల
తిరుత్తణి మీదుగా పోరాదా?"

చప్పట్లు వచ్చాయి. భావం బాగుంది గానీ మేఘానికి టైము చెప్పడం కొంచెం అతిగా ఉందని రాజమాణిక్యం గారు అభిప్రాయం చెప్పారు. నేను ఆ రోజంతా ఫోన్ కొంగులో కట్టుకుని తిరిగాను. సాయంత్రం కంపెనీ బస్సు హారన్ల మధ్య నుంచి మా అన్న గొంతు వచ్చింది.

"చెరువు నిండింది,
తూము తలుపు ఎత్తితే కదా నీళ్ళు నడిచేది?
తలుపు తాళం చెవి
నోట కరుచుకుని నిలబడ్డ
కొంగను అడగండి."

ఇందులో నాకు అర్థం కానిదేమీ లేదు. రావడానికి సిద్ధంగానే ఉన్నాడు, నోటితో పిలిస్తే వస్తానంటున్నాడు. మా ఆయనకు మాత్రం ఒక్కటే అర్థమైంది.

"నన్ను కొంగన్నాడు."

అంతే, మళ్ళీ మొదటికొచ్చింది. కొంగను తెచ్చి పెట్టడం గొప్ప కల్పన అని రాజమాణిక్యం గారు మెచ్చుకునేసరికి అగ్గికి గాలి తోడైంది. దీపిక ఆ కవితను పదిసార్లు పెట్టించుకుని విని, మా అన్నకు కొంగ మామ అని పేరు పెట్టింది. అసలు కొంగ వాళ్ళ నాయనే అని దానికి చెప్పి లాభం లేదు.

శుక్రవారం వచ్చింది. తెల్లవారేసరికి నగరి ముక్కు కనపడలేదు, నోరూ నుదురూ కూడా కనపడలేదు, అంత మబ్బు. వ్యానులో తిరుత్తణి చేరేసరికి వాన పట్టుకుంది. కొండ మీద మొట్ట కొట్టే మండపంలో మాకో మూల దొరికింది. మంగలాయన నీళ్ళ గిన్నె పెట్టుకుని, కత్తి తడుముకుంటూ కూర్చున్నాడు. చెవులు కుట్టే ఆచారి బంగారు తీగలు నిమ్మకాయకు గుచ్చి పెట్టుకున్నాడు. ఒడి ఒక్కటే లేదు.

తొమ్మిది దాటింది. ఆచారికి ఇంకో పిల్ల ఉందట, తొందరపెట్టాడు. మా పిన్నమ్మ కొడుకు విఘ్నేష్ వచ్చి ఉన్నాడు, వాడూ వరసకు అన్నదమ్ముడే కాబట్టి వాణ్ణి కూర్చోబెడదామని ఎవరో అన్నారు. వాడు ఒడి సర్దుకుని కూర్చున్నాడు. దీపిక వాడి మోకాలు చూసి, మొహం చూసి, మండపం దద్దరిల్లేలా ఏడ్చింది. కొంగ మామ కావాలంది. నేను పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ గోడ అవతలకు చూశాను.

కింద మెట్ల మలుపులో, పైన కప్పు లేని చోట, ఒక మనిషి కూర్చుని తడుస్తున్నాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. పక్కన ప్లాస్టిక్ కవరు చుట్టిన పళ్ళెం ఉంది, అందులో అరటిపళ్ళూ ఎర్ర పట్టు గౌనూ లీలగా కనపడుతున్నాయి. రెండు మోకాళ్ళ మీద అడ్డంగా, ముడిచిన గొడుగు ఉంది.

మా అన్నే. చేతిలో గొడుగు పెట్టుకుని తడుస్తున్నాడు. ఐపసి ఇంకా అయిపోలేదు కదా. ఎవరైనా అడిగితే దేవుణ్ణి చూడడానికి వచ్చానని చెప్పుకోవడానికి సరిగ్గా సరిపోయేంత ఎత్తు ఎక్కి, మిగిలిన మెట్లు మా ఆయనకు వదిలిపెట్టి కూర్చున్నాడు.

నేను పరుగెత్తబోతే మా అత్త చెయ్యి పట్టుకుంది. నేను పిలిస్తే చెల్లదు, నేను ఎప్పుడో పిలిచేశాను. మా ఆయన కూడా గోడ దగ్గరకు వచ్చి చూశాడు. ఆయన మొహంలో నవ్వు వస్తుందని భయపడ్డాను, రాలేదు.

"గొడుగు తెచ్చుకుని గూడా విప్పలేదు చూడు," అన్నాడు నాతో.

పంచె పైకి కట్టుకుని మెట్లు దిగాడు. ఆయన వెనకే నేను సగం దాకా దిగాను, ఏ మాట అంటాడో వినాలని. నిజం చెప్పాలంటే, మళ్ళీ వాన గురించి వాదిస్తే అక్కడి నుంచి తోసేద్దామనే అనుకున్నాను. మా ఆయన వెళ్ళి మా అన్న పక్కన తడి మెట్టు మీద కూర్చున్నాడు. మా అన్న తల తిప్పలేదు. ఇద్దరి మీదా వాన ఒకేలాగా పడుతోంది. మా ఆయన ఆకాశం వైపు చూసి అన్నాడు.

"వెన్నెల మరీ జాస్తిగా ఉండాది బావా. ఇంకా ఇట్లే కూసుంటే జలుబు చేస్తాది. పాప ఏడస్తా ఉండాది, నీ ఒడి కావాలంట. రా."

మా అన్న మొహం మీద నీళ్ళు వాన నీళ్ళో కావో నాకు తెలియదు. ఆయన పళ్ళెం తీసి మా ఆయన చేతిలో పెట్టి, గొడుగు చంకలో పెట్టుకుని లేచాడు. ఎక్కేటప్పుడు మా ఆయన భుజం పట్టుకున్నాడు, మెట్లు జారుతున్నాయి కాబట్టి అని అనుకోవచ్చు.

మండపంలో మా అన్న కూర్చునేసరికి కింద మడుగు కట్టింది. దీపిక కొత్త మొహాన్ని అనుమానంగా చూసి పెదవి విరిచింది. మా అన్న మెల్లగా, చెరువు నిండింది, తూము తలుపు ఎత్తితే కదా అని మొదలుపెట్టాడు. గొంతు గుర్తుపట్టి, కొంగ మామా అని తడి ఒడిలో ఎక్కి కూర్చుంది. మంగలాయన కత్తి నడుస్తుంటే, ముళ్ళకంప ముక్కలు ముక్కలుగా రాలుతుంటే, అది మామ నోటి వైపే చూస్తూ ఉండిపోయింది. స్నానం చేయించి, గుండు మీద చందనం పూసి, మళ్ళీ అదే ఒడిలో కూర్చోబెట్టాం. చెవులు కుట్టేటప్పుడు మాత్రం ఏ కవిత్వమూ పని చెయ్యలేదు. మామ మీసం పట్టుకుని పీకి ఏడ్చింది. మీసం పీకించుకుంటూ మా అన్న నవ్వుతున్నాడు. మా ఆయన పట్టు గౌను చేతిలో పట్టుకుని పక్కన నిలబడి, ఊరికే ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఇక దేవుడి దగ్గరకు పోవాలి. మండపం నుంచి గుడి వాకిలి దాకా కప్పు లేదు. వాన ఇంకా కురుస్తూనే ఉంది. గుండు మీద చందనం కారిపోతుందని మా అత్త కొంగు విప్పబోయింది. మా అన్న దీపికను చంకన వేసుకుని, రెండో చేత్తో గొడుగు తీసి, అంతమంది ముందూ టప్పున విప్పి పిల్ల తల మీద పట్టాడు. ఆయన తల బయటే ఉంది.

నాకు మాట ఆగలేదు. ఒట్టు ఉండగా అసలు గొడుగు ఎందుకు తెచ్చావని అడిగాను.

"మొట్ట తల తడవగూడదు గదమ్మా. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే పాపకని తెచ్చినా."

మా ఆయన నోరు తెరిచాడు. ఐపసీ, గొడుగూ, వెన్నెలా అన్నీ ఆ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయని నాకు తెలుసు. నేను చూసిన చూపుకు నోరు మూసుకుని, పోయి గొడుగు పిడి తన చేతిలోకి తీసుకుని, మా అన్న తల కూడా కిందికి వచ్చేలా ఎత్తి పట్టుకున్నాడు.